చేతిలో ఉన్న పనికే మాట ఇవ్వండి

ఇద్దరు ముగ్గురు కలిసి, ఒక అద్దె గదిలో డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ పెట్టుకున్నవాళ్ల కోసం ఈ అధ్యాయం. అమీర్‌పేటలో కోర్సు చేసి సొంత ఊరు చేరినవాళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదులుకుని వచ్చినవాళ్లు, ఫ్లెక్సీలు, లోగోలు డిజైన్ చేస్తూ చేస్తూ వెబ్‌సైట్ల పనిలోకి దిగినవాళ్లు వీళ్లలో ఉంటారు. ఎస్ఈఓ పని కోసం వచ్చే క్లయింట్ నోట ముందుగా వినిపించే మాట ఎక్కడైనా ఇంచుమించు ఒకటే: "మా షాపు గూగుల్‌లో ఫస్ట్ రావాలండీ. ఎంతవుతుంది?"

ఈ ప్రశ్నకు మీరిచ్చే జవాబును బట్టే మీ ఏజెన్సీ ఎన్నాళ్లు నిలబడుతుందో చాలావరకు తేలిపోతుంది. "మూడు నెలల్లో ఫస్ట్ తెప్పిస్తాం సార్, గ్యారంటీ" అంటే ఆ రోజుకు అడ్వాన్స్ చేతికొస్తుంది. నాలుగో నెల వచ్చేసరికి ఆయన ఫోన్ ఎత్తడానికి మీకే మొహం చెల్లదు. మొదటి ర్యాంకుకు హామీ ఇవ్వగలవాళ్లు ఎవరూ లేరని గూగుల్ తన మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. అలాంటి హామీ ఇచ్చేవాళ్లతో జాగ్రత్తగా ఉండమని వ్యాపారులకు అదే చోట చెప్పింది. సైటులో మార్పులు చేసి, వాటి ఫలితం కనపడటానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని కూడా చెప్పింది. అంటే గ్యారంటీ ఇచ్చిన ఏజెన్సీ, తన చేతిలో లేని సరుకుకు డబ్బు తీసుకుంటోంది. మన చేతిలో ఉన్నది పని. దాన్నే అమ్మాలి, దానికే మాట ఇవ్వాలి. ధర, ఒప్పందం, రిపోర్టు, చివరికి క్లయింట్‌తో విడిపోయే పద్ధతి కూడా ఈ ఒక్క నిర్ణయం నుంచే రావాలి.

ఫస్ట్ అంటే ఎవరికి?

విజయవాడలో ఒక పళ్ల డాక్టరు గారు మీ క్లయింట్ అనుకోండి. క్లినిక్ పటమటలో ఉంది. బెంజ్ సర్కిల్‌లో నిలబడి ఫోన్లో "డెంటల్ క్లినిక్" అని వెతికిన మనిషికి కనపడే వరుస వేరు, వన్‌టౌన్‌లో ఉండి వెతికినవాళ్లకు కనపడే వరుస వేరు. స్థానిక ఫలితాలను గూగుల్ మూడు విషయాలను బట్టి ఇస్తుంది: వెతికినదానికి ఆ వ్యాపారం ఎంత సరిపోతుంది, వెతికే మనిషికి ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత పేరుంది. ఇందులో దూరం మన చేతిలో అసలు లేదు. క్లినిక్‌ని వన్‌టౌన్‌కి మోసుకుపోలేం. డబ్బు కట్టి ఆ వరుసలో పైకి పోయే దారి లేదని కూడా గూగుల్ చెబుతోంది. డబ్బు కడితే వచ్చేది ప్రకటన, దాని పక్కన అది ప్రకటన అని తెలిపే గుర్తు ఉంటుంది.

కాబట్టి డాక్టరు గారితో మొదటి సమావేశంలో ఆయన ఫోన్ తీసుకుని ఈ సంగతి చూపించండి. తన క్లినిక్‌లో కూర్చుని, తన ఫోన్లో, తన క్లినిక్ పేరే పదే పదే వెతుక్కునే మనిషికి అది పైనే కనపడుతుంది. ఆయన మేనల్లుడు గుణదలలో వెతికితే కనపడకపోవచ్చు. ఈ తేడా అర్థమైన క్లయింట్ "ఫస్ట్" అనే మాట వదిలేసి, "అయితే నాకు నెలకు ఎంతమంది కొత్త పేషెంట్లు ఫోన్ చేస్తారు?" అని అడగడం మొదలుపెడతాడు. ఆ ప్రశ్న దగ్గరకు రాని మనిషితో పని ఒప్పుకోవద్దనే నేను చెబుతాను. ఎంత మంచి మనిషైనా సరే, ప్రతి ఉదయం ఫోన్ తీసి ర్యాంకు చూసుకుని మీకు వాట్సాప్ పెట్టే క్లయింట్ ఒక్కడుంటే చాలు, మిగతా నలుగురి పనీ దెబ్బతింటుంది.

అప్పుడు జవాబు ఇలా చెప్పొచ్చు: "సార్, ఫస్ట్ వస్తుందని నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. మీ సైటులో ఏమేం సరిగ్గా లేవో చూసి రాసిస్తాను. వాటిని ఏ నెలలో ఏది సరిచేస్తానో ముందే చెబుతాను. నెలనెలా ఎన్ని ఫోన్లు వచ్చాయో లెక్క చూపిస్తాను. ఆరు నెలల తర్వాత కొనసాగించాలో వద్దో మీరే తేల్చుకోండి." ఈ మాట విని లేచి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. వెళ్లనివ్వండి. కూర్చున్నవాళ్లతో మీ బంధం ఏళ్ల తరబడి సాగుతుంది.

ముందు పరీక్ష, తర్వాతే ప్యాకేజీ

సైటు చూడకుండా కొటేషన్ ఇవ్వకండి. చిన్న వ్యాపారాల సైట్లలో లోపాలు చాలాసార్లు విచిత్రమైన చోట ఉంటాయి. వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే పేజీ ఉంటుంది. సెర్చ్ ఇంజన్లు ఈ సైటును చూడకుండా నిరుత్సాహపరచమని అడిగే గడి ఒకటి అందులో ఉంటుంది. సైటు కట్టేటప్పుడు డెవలపర్ దానికి టిక్ పెడతాడు, పని అయ్యాక తీయడం మరిచిపోతాడు. అలాంటి సైటుకు నెలకు ఇరవై వ్యాసాలు రాసినా ఏం లాభం? రోబోట్స్ టెక్స్ట్ ఫైలులో ఒక్క గీత తప్పు పడినా ఇదే గతి. సైటును కొత్తగా డిజైన్ చేయించి, పాత పేజీల చిరునామాలను కొత్తవాటికి 301 రీడైరెక్ట్ చేయకుండా వదిలేసినా అంతే. ఏళ్ల తరబడి సంపాదించిన పేరు ఒక్క రాత్రిలో పోతుంది.

ఈ పరీక్షకు ఖరీదైన టూల్స్ అక్కర్లేదు. గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. ఏ పేజీలు గూగుల్ జాబితాలో చేరాయో, ఏవి ఎందుకు చేరలేదో అదే చెబుతుంది. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ ఉచితం. స్క్రీమింగ్ ఫ్రాగ్ 500 పేజీల వరకు ఉచితంగా సైటంతా తిరిగి చూసి పెడుతుంది, మన ఊళ్ల వ్యాపారాల సైట్లకు అంతకన్నా అవసరం రావడం అరుదు. వేగం విషయంలో గూగుల్ మంచివని చెప్పే కొలతలు మూడే, గుర్తుపెట్టుకోండి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనపడాలి. నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. చదువుతుండగా పేజీ అటూ ఇటూ జరిగే కొలత 0.1 దాటకూడదు. అయితే వేగం ఒక్కటే సైటును పైకి తెస్తుందని క్లయింట్‌కు చెప్పకండి, అది నిజం కాదు. బస్సులో కూర్చుని, సిగ్నల్ సరిగా లేని చోట సైటు తెరిచే మనిషి విసుగుపడి వెళ్లిపోకుండా ఉండటానికి మాత్రం అది అవసరం.

ఆ తర్వాత గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. 2021 నవంబరుకు ముందు దీన్నే గూగుల్ మై బిజినెస్ అనేవాళ్లు. మన ఊళ్లలో చాలా దుకాణాలకు వెబ్‌సైటు కన్నా ఇదే ముఖ్యం. ఇందులో సరైన విభాగం ఎంచుకున్నారా, పనివేళలు నిజమైనవేనా, మ్యాప్‌లో గుర్తు సరిగ్గా గుమ్మం ముందు పడిందా, ఫోన్ నంబరు ఇప్పుడు వాడుతున్నదేనా చూడండి. జస్ట్‌డయల్‌లో ఒక నంబరు, ఫేస్‌బుక్‌లో ఇంకొకటి, సైటులో మూడోది ఉంటే అన్నీ ఒకటి చేయండి.

ఇంకొక్కటి చూడాలి, ఏ టూలూ దీన్ని చూపించదు. మీరే కొత్త కస్టమర్‌లా ఆ నంబరుకు ఫోన్ చేయండి. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, సాయంత్రం ఏడింటికి ఒకసారి, ఆదివారం ఒకసారి. ఎవరైనా ఎత్తుతున్నారా? ఎత్తినవాళ్లు ధర అడిగితే "వచ్చి మాట్లాడండి" అని పెట్టేస్తున్నారా? మీ పని వల్ల నెలకు నలభై ఫోన్లు అదనంగా వచ్చినా, ఎత్తే మనిషి లేకపోతే ఆ డాక్టరు గారి దృష్టిలో మీ ఎస్ఈఓ దండగే. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయితో ఒక గంట కూర్చోవడం కూడా మీ పనిలో భాగమే అనుకోండి.

ఈ పరీక్షకు విడిగా ఫీజు తీసుకోండి. తక్కువైనా పరవాలేదు, ఉచితంగా మాత్రం వద్దు. రిపోర్టు చేతికిచ్చి, "దీన్ని మాతోనే చేయించాలని లేదు, మీకు తెలిసినవాళ్లతో చేయించుకున్నా సరే" అని చెప్పండి. ఆ మాట అనగలిగే ధైర్యం డబ్బు తీసుకున్నవాడికే ఉంటుంది.

జనం ఎలా అడుగుతారో అలా

కీవర్డుల పని కంప్యూటర్ ముందు మొదలవుతుందని నేర్పుతారు. చిన్న ఏజెన్సీకి ఉన్న పెద్ద బలం కౌంటరు దగ్గర మొదలుపెట్టగలగడం. ఆత్రేయపురం పూతరేకుల వ్యాపారం తీసుకోండి. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కోనసీమ నుంచి హైదరాబాదుకు, బెంగళూరుకు, అమెరికాకు పార్సిళ్లు వెళ్తున్నాయి. కొనేవాళ్లలో కొందరు తెలుగులో టైపు చేస్తారు, ఎక్కువమంది ఇంగ్లిష్ అక్షరాల్లో. ఆ అక్షరాల్లో "పూత"కు ఒకరు రెండు 'ఓ'లు పెడతారు, ఇంకొకరు 'యు' పెడతారు. 'త' పక్కన 'హెచ్' కొందరు పెడతారు, కొందరు పెట్టరు. తెలుగు రానివాళ్లు పేపర్ స్వీట్ అని వెతుకుతారు. వీళ్లంతా వెతికేది ఒకే మిఠాయి కోసం. కానీ ప్రతి స్పెల్లింగుకూ ఒక పేజీ తయారుచేయకండి. అలా ఒకే సరుకును పదిచోట్ల పెట్టే పేజీలను గూగుల్ స్పామ్‌గానే చూస్తుంది. ఒకే మంచి పేజీలో, చదివేవాళ్లకు అడ్డం రాకుండా, జనం వాడే రెండు మూడు రూపాలు సహజంగా వచ్చేలా రాయండి. మిగతావి గూగుల్ తనే పోల్చుకుంటుంది.

స్పెల్లింగు కన్నా ముఖ్యం కొనేవాళ్ల సందేహాలు. బెల్లంవా, పంచదారవా? నెయ్యి ఏది? ఎన్నాళ్లు నిలవ ఉంటాయి? అమెరికా పార్సిల్‌లో నలిగిపోవా? షుగర్ ఉన్నవాళ్లకు వేరే రకం ఉందా? పెళ్లికి వెయ్యి కావాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి? ఈ ప్రశ్నలు ఏ టూల్‌లోనూ ఇంత వివరంగా దొరకవు. దుకాణంలో ఒక పూట కూర్చుని వచ్చిన ఫోన్లు వింటే అన్నీ దొరుకుతాయి. జవాబులు యజమానితోనే చెప్పించి, ఫోన్లో రికార్డు చేసుకుని, ఆయన మాటల్లోనే రాయండి. కడియం నర్సరీలకైనా, మంగళగిరి చేనేత దుకాణానికైనా, గుంటూరు మిర్చి ఎగుమతిదారుకైనా పద్ధతి ఇదే.

దీనికి ఇప్పుడు ఇంకో కారణం కూడా ఉంది. 2024 ఆగస్టు నుంచి మన దేశంలో గూగుల్ ఏఐ ఓవర్‌వ్యూస్ చూపిస్తోంది. ఫలితాలకు పైన యంత్రమే జవాబు రాసి పెడుతోంది. "పూతరేకులు అంటే ఏమిటి" అని వెతికిన మనిషి ఆ జవాబు చదివేసి వెళ్లిపోవచ్చు, మీ సైటు తెరవకపోవచ్చు. ఎవరైనా రాయగలిగిన సాధారణ సమాచారంతో నెలకు ఇరవై వ్యాసాలు అమ్మే ఏజెన్సీల కాలం చెల్లింది. వ్యాపారి దగ్గర మాత్రమే ఉన్న సమాచారానికి విలువ మిగిలింది: ఆయన ధర, ఆయన సరుకు ఫోటోలు, ఆయన పార్సిల్ పద్ధతి, ఆయన అనుభవం. ఏఐతో రాయించడం తప్పని గూగుల్ అనలేదు. చదివేవాడికి ఉపయోగం లేని పేజీలను ర్యాంకు కోసం కుప్పలుగా పుట్టించడం తప్పు అంటూ 2024 మార్చిలో కొత్త స్పామ్ నిబంధన పెట్టింది. ఆ పేజీలు మనిషి రాసినా, యంత్రం రాసినా శిక్ష ఒకటే.

వద్దని చెప్పాల్సిన పనులు

క్లయింట్ అడుగుతాడు: "పక్క షాపువాళ్లు ఐదు వేలకు వెయ్యి బ్యాక్‌లింకులు కొన్నారట, మనమూ కొందామా?" వద్దని చెప్పడానికి మీకు గట్టి ఉదాహరణ కావాలి. 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ ఒక కథనం ప్రచురించింది. జేసీ పెన్నీ అనే అమెరికా దుకాణాల సంస్థ అంతకు ముందు పండుగల సీజన్లో గౌన్లు, దుప్పట్లు, తివాచీలు, ఇంకా ఎన్నో మాటలకు గూగుల్‌లో పైనే కనపడుతూ వచ్చింది. ఆరా తీస్తే, బట్టలతో ఏ సంబంధమూ లేని వేలాది పేజీల నుంచి దాని సైటుకు లింకులు ఉన్నాయని తేలింది. గూగుల్ చర్య తీసుకుంది. ఒక బ్రాండు సూట్‌కేసు పేరుకు సాయంత్రం మొదటి స్థానంలో ఉన్న ఆ సైటు రెండు గంటల్లో 71వ స్థానానికి పడిపోయింది. ఆ లింకులతో తమకు సంబంధం లేదన్న సంస్థ, తన ఎస్ఈఓ ఏజెన్సీని తీసేసింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చి, కొన్న లింకులతో పైకొచ్చిన సైట్లను పెద్ద ఎత్తున కిందికి తోసింది. అంతకు ముందు 2006లోనే బీఎండబ్ల్యూ జర్మనీ సైటును, సెర్చ్ ఇంజన్‌కు ఒక పేజీ, మనుషులకు వేరే పేజీ చూపించినందుకు, తన ఫలితాల నుంచి తీసేసింది. బీఎండబ్ల్యూ తేరుకుంది, జేసీ పెన్నీ కూడా ఆ దెబ్బ నుంచి బయటపడింది. పటమటలోని క్లినిక్‌కు ఆ శక్తి ఉండదు. తప్పు మీది, నష్టం ఆయనది.

డబ్బిచ్చి రాయించుకున్న కథనంలో లింకు పెట్టడమే తప్పని కాదు. అది ప్రకటన అని చెప్పే స్పాన్సర్డ్ లేక నోఫాలో గుర్తు లింకులో ఉండాలి, అంతే. ఆ గుర్తు పెడితే ర్యాంకుకు పనికిరాదు, ప్రచారానికి పనికొస్తుంది. ఈ తేడా క్లయింట్‌కు చెప్పే అమ్మండి.

రివ్యూల సంగతీ అంతే. కొన్న రివ్యూలు, ఉద్యోగులతో రాయించినవి, "ఐదు నక్షత్రాలిస్తే పది శాతం తగ్గింపు" అని రాబట్టినవి, అన్నీ గూగుల్ నిబంధనలకు విరుద్ధం. మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ 2022లో ఆన్‌లైన్ రివ్యూల మీద ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా తెచ్చింది. సంతృప్తిగా వెళ్తున్న కస్టమర్‌ను "మీకు నచ్చితే నాలుగు మాటలు రాయండమ్మా" అని అడగడం తప్పు కాదు. కౌంటర్ దగ్గర ఒక క్యూఆర్ కోడ్ పెట్టించండి. చెడ్డ రివ్యూ వస్తే, యజమాని పేరుతో ఒక రోజులోపు మర్యాదగా జవాబు రాయించండి. ఆ ఒక్క జవాబు చదివి ఫోన్ చేసేవాళ్లు ఉంటారు.

కొత్త ఏజెన్సీలు పట్టించుకోని ఇంకో చోటు చట్టం. ఆసుపత్రులు, డాక్టర్లు, లాయర్లు మన ఊళ్లలో మంచి ఫీజిచ్చే క్లయింట్లు. కానీ వాళ్లందరికీ ప్రచారం మీద హద్దులున్నాయి. డాక్టర్లు రోగుల కోసం ప్రచారం చేసుకోవడంపై 2002 నాటి వైద్య మండలి నియమావళిలో ఆంక్షలున్నాయి. లాయర్లు పని కోసం ప్రకటన ఇవ్వకూడదని బార్ కౌన్సిల్ 36వ నిబంధన చెబుతుంది; 2008 సవరణతో పేరు, చిరునామా, అర్హత లాంటి పరిమిత వివరాలతో వెబ్‌సైటు పెట్టుకోవచ్చు. "షుగర్ శాశ్వతంగా నయం" అని పేజీ రాయమని ఎవరైనా మందుల వ్యాపారి అడిగితే అక్కడే ఆపండి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో మధుమేహం, క్యాన్సర్ లాంటి జబ్బుల జాబితా ఒకటి ఉంది. వాటిని నయం చేస్తామని ప్రకటించడం నేరం. ఆ పేజీ చదివి ఇన్సులిన్ మానేసే మనిషి ఎవరో ఒకరి తండ్రి. ఏ ఫీజూ దానికి సాటి రాదు.

ధర ఎలా కట్టాలి

మార్కెట్లో ఎవరెంత తీసుకుంటున్నారో చూసి ధర పెట్టేవాళ్లు ఏడాది తిరిగేలోపు అలసిపోతారు. మీ ఖర్చు నుంచి మొదలుపెట్టండి. ఇద్దరున్న ఏజెన్సీలో జీతాలు, అద్దె, ఇంటర్నెట్, టూల్స్ అన్నీ కలిపి నెలకు 90,000 రూపాయలు అనుకుందాం. సమావేశాలు, కొత్త క్లయింట్ల వెంట తిరగడం, బిల్లులు పోగా, నిజంగా క్లయింట్ల పనికి మిగిలేది మనిషికి 100 గంటలు, ఇద్దరికీ కలిపి 200. అంటే లాభం లేకుండానే గంటకు 450 రూపాయలు పడుతుంది. ఒక క్లినిక్‌కు నెలకు 20 గంటల పని ఉంటే ఖర్చే 9,000. దాన్ని 5,000 ప్యాకేజీకి ఒప్పుకుంటే, మిగతా 4,000 ఎక్కడి నుంచి రావాలి? పని తగ్గించడం నుంచే వస్తుంది. ఒకరి వ్యాసం ఇంకొకరికి అతికించడం, టూల్ ఇచ్చిన పీడీఎఫ్‌ను అలాగే పంపేయడం అక్కడే మొదలవుతాయి. ధర దగ్గర నీతి తప్పాక పనిలో నీతి నిలబెట్టడం చాలా కష్టం.

అందుకే తక్కువమంది క్లయింట్లు, వీలైతే ఒకటి రెండు రంగాల్లోనే. మూడు డెంటల్ క్లినిక్‌లకు పని చేసినవాళ్లకు నాలుగో క్లినిక్ పని సగం సమయంలో అవుతుంది. అయితే ఒకే పేటలో పోటీపడే ఇద్దరికి పని చేయకండి. చేయాల్సి వస్తే ఇద్దరికీ ముందే చెప్పండి.

డబ్బు వసూలుకు కొన్ని కాగితాలు తోడుంటాయి. సూక్ష్మ, చిన్న సంస్థగా గుర్తింపునిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్లో అవుతుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు రావాల్సిన డబ్బు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. గడువు దాటించిన సంస్థలకు, చెల్లించేదాకా ఆ ఖర్చును పన్ను లెక్కలో చూపుకునే వీలు లేకుండా ఆదాయపు పన్ను నిబంధన కూడా తెచ్చారు. ఈ సంగతి బిల్లు మీద ఒక్క వాక్యంగా అచ్చు వేయించండి. పెద్ద కంపెనీల అకౌంట్స్ వాళ్లు దాన్ని గమనిస్తారు. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మన సేవకు 18 శాతం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ల రెస్టారెంటుకు, క్లినిక్‌కు పని చేసి డాలర్లలో తీసుకుంటే అది ఎగుమతి కిందికి వస్తుంది. పన్ను కట్టకుండా ఎగుమతి చేయాలంటే జీఎస్టీ ఉన్నవాళ్లు ముందే ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేసుకోవాలి. ఇవన్నీ ఒక పూట ఆడిటర్ గారి దగ్గర కూర్చుని అడగాల్సిన విషయాలు. మొదటి బిల్లుకు ముందే అడగండి.

ఒక్క పేజీ రిపోర్టు

ముప్ఫై పేజీల రంగుల గ్రాఫులు చూసి ఆనందించే వ్యాపారి ఎవరూ లేరు. ఆయనకు నాలుగు విషయాలు చాలు: ఈ నెల ఏం చేశాం, ఏం మారింది, వచ్చే నెల ఏం చేస్తాం, మీ నుంచి మాకేం కావాలి. తెలుగులో రాయండి. బిజినెస్ ప్రొఫైల్ నుంచి వచ్చిన ఫోన్లు, దారి అడిగినవాళ్లు, సైటు తెరిచినవాళ్లు ఎంతమందో, పోయిన నెల ఎంతో, పోయిన ఏడాది ఇదే నెల ఎంతో పక్కపక్కన పెట్టండి. పోయిన ఏడాదితో పోల్చడం ముఖ్యం. ఆషాఢంలో చీరల దుకాణానికి పెళ్లి బేరాలు తగ్గితే అది మీ తప్పు కాదు, శ్రావణంలో పెరిగితే అది మీ గొప్పా కాదు. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కలే దాచిపెడుతుంది కాబట్టి ప్రతి నెలా దింపుకుని క్లయింట్ ఫోల్డర్లో భద్రం చేయండి.

సంఖ్యలు పడిపోయిన నెల రిపోర్టు ఇంకా ముందు వెళ్లాలి. క్లయింట్ అడిగేదాకా ఆగకూడదు. "ఈ నెల గూగుల్ మార్పు తెచ్చింది, మన ఈ మూడు పేజీలు కిందికి పోయాయి, కారణం ఇదని అనుకుంటున్నాం, ఇది చేయబోతున్నాం" అని మీరే ఫోన్ చేసి చెప్పండి. చెడ్డ వార్త ముందే చెప్పినవాడి మాటను, మంచి వార్త చెప్పినప్పుడు కూడా నమ్ముతారు.

తాళాలు ఎవరివి?

డొమైన్, హోస్టింగ్, బిజినెస్ ప్రొఫైల్, సెర్చ్ కన్సోల్, అనలిటిక్స్ అన్నీ క్లయింట్ ఈమెయిల్ మీద, క్లయింట్ ఫోన్ నంబరు మీద ఉండాలి. మీకు కావాల్సింది పని చేసుకునే అనుమతి మాత్రమే. బిజినెస్ ప్రొఫైల్‌లో ఓనర్ ఆయన, మేనేజర్ మీరు. సెర్చ్ కన్సోల్‌లో ఓనర్ ఆయన, యూజర్ మీరు. "మా సార్‌కు ఈమెయిల్ వాడటం రాదండీ, మీ పేరు మీదే తీసేయండి" అని మేనేజర్ అంటే ఒప్పుకోకండి. ఆయన పేరుతో ఈమెయిల్ మీరే తెరిచి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవరులో పెట్టి ఆయన చేతికివ్వండి. రెన్యువల్ గుర్తుచేసే మెయిల్ ఎవరూ చూడని ఈమెయిల్‌కి పోతే, గడువు దాటిన డొమైన్ ఎవరి చేతిలోకైనా పోవచ్చు. దానితో పాటు ఆ వ్యాపారం ఏళ్లుగా సంపాదించిన స్థానమూ పోతుంది.

చాలా ఏజెన్సీలు వీటిని తమ పేరు మీదే ఉంచుకుంటాయి, క్లయింట్ వదిలిపోకుండా. అది క్లయింట్‌ను బందీ చేయడమే. పని నచ్చి ఉండిపోవాలి కానీ, పాస్‌వర్డ్ లేక ఉండిపోకూడదు. విడిపోవాల్సి వస్తే వారం రోజుల్లో మీ అనుమతులు తీసేసుకోండి. దింపుకున్న లెక్కలు, చేసిన మార్పుల జాబితా, మిగిలిన పనుల జాబితా ఇచ్చి, తర్వాత రాబోయే ఏజెన్సీ వాళ్లతో ఒకసారి మాట్లాడండి. బాకీ ఉంటే దాని దారి వేరు. సైటు ఆపేయడం ఆ దారి కాదు.

కాబట్టి ఈ అధ్యాయం చదవడం అయ్యాక ఒక పని చేయండి. మీ క్లయింట్లందరి జాబితా తీసుకుని, ఎవరి డొమైన్, ఎవరి ప్రొఫైల్ ఇంకా మీ పేరు మీద ఉన్నాయో చూడండి. ఉన్నవాళ్లకు ఈ వారంలోనే ఫోన్ చేసి, వాళ్ల పేరుకు మార్చి ఇవ్వండి.